భోగిమంటలో టైరు వద్దు

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సంక్రాంతి సెలవులకు ఇళ్లకు పోతున్నాం కదా. గన్నవరం వైపు భోగినాడు తెల్లారకముందే మంట వేస్తారు. పిడకల దండలు, ఎండుకర్రలు వేయడం అలవాటు. కొందరు టైర్లు, ప్లాస్టిక్ కూడా పడేస్తున్నారు. అవి కాలితే విషపు పొగ వస్తుంది.

చలికాలం తెల్లవారుజామున నేల దగ్గర గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. అందుకని పొగ పైకి పోదు, మంచులో కలిసి అక్కడే నిలుస్తుంది. 2018 భోగినాడు చెన్నైలో ఇలాగే దారి కనపడక చాలా విమానాలు ఆలస్యమయ్యాయి. గన్నవరంలోనూ విమానాశ్రయం ఉంది.

విమానాల మాట అటుంచండి. పోయిన పండక్కి మా తాతయ్యకు ఆ పొగకే ఆయాసం వచ్చింది. అరిసె చేతిలో పెడితే తినలేకపోయాడు.

ఈసారి టైరు కనిపిస్తే పక్కకు లాగేద్దాం. పిడకలే వేద్దాం.

ప్రశ్న: పొగ ఎండపొద్దున ఎందుకు పైకి పోతుంది? ఆలోచించండి.