గర్భిణికి, బాలింతకు మరల మరల వచ్చు పూత

పంచాయతీ సమావేశములలో నీటి ఎద్దడిని గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు గంటల తరబడి చర్చ జరుగును. స్త్రీల తెల్లబట్టను గూర్చి ఎన్నడును జరుగదు. అది సభలో పలుకదగిన మాట కాదని మనవారి తలంపు. కాని ఆరోగ్యము, పారిశుద్ధ్యము, స్త్రీ శిశు అభివృద్ధి రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీల విషయములుగా చేరి 1993 నుండి అమలునందున్నవి. పలుకుటకు సిగ్గుపడుటచేతనే ఈ బాధ కొన్ని యిండ్లలో ఏడాదికి మూడు నాలుగు మారులు తిరిగి వచ్చుచున్నది. కావున ఈ నెల దీనిని గూర్చియే ముచ్చటింప దలచితిమి.

ఈ పూతకు కారణము కాండిడా అను సూక్ష్మమైన శిలీంధ్రము. కల్లును పులియజేయు జీవికి ఇది దూరపు చుట్టము. ఆరోగ్యవంతుల నోటిలోను, ప్రేవులలోను, స్త్రీల జననాంగములోను ఇది కొద్దిపాటిగా ఉండుట సహజమే. పాలను తోడుపెట్టు సూక్ష్మజీవుల కుటుంబమునకే చెందిన మేలుచేయు జీవులు అచ్చట కాపురముండి దీనిని అదుపులో నుంచును. ఆ కాపలా సడలినప్పుడు శిలీంధ్రము పెచ్చుపెరిగి, దురదను, మంటను, విరిగిన పాలవంటి తెల్లని స్రావమును కలిగించును. నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితములో ఒక్కసారియైనను ఇది వచ్చునని వైద్యుల అంచనా. ఇది సుఖవ్యాధుల జాబితాలోనిది కాదు. భార్యకు తెల్లబట్ట అనగానే భర్త అనుమానించుటయు, అత్తగారు మూతి ముడుచుటయు వట్టి అజ్ఞానము. ఈ ఒక్క మాట ఊరిలో నాటుకొన్నను సగము మంది స్త్రీలు మొదటి వారములోనే నోరు విప్పుదురని మా నమ్మకము.

గర్భము ధరించినప్పుడు ఇది హెచ్చుటకు స్పష్టమైన కారణమున్నది. ఈస్ట్రోజెన్ అను హార్మోను పెరిగి, జననాంగపు గోడలలో ఒక విధమైన చక్కెర పదార్థము నిలువ చేరును. శిలీంధ్రమునకు అదియే ఆహారము. తడి ఆరని పొలములో కలుపు ఒకసారి పెరికినంత మాత్రమున మరల మొలవక మానునా? కడుపుతో నున్నంతకాలము ఇదియు అంతే. కనుక మరల వచ్చినదని గర్భిణి దిగులుపడవలసిన పనిలేదు. కడుపులోని బిడ్డకు సాధారణముగా దీనివలన హాని ఉండదు. అయితే తెల్లని స్రావమంతయు వ్యాధియే యనుకొనరాదు. దురద, మంట, దుర్వాసన లేని పలుచని స్రావము గర్భిణులలో కొంత హెచ్చుట సహజము.

మాటిమాటికి వచ్చుచున్నచో రెండు సంగతులు విచారించి తీరవలెను. మొదటిది మధుమేహము. రక్తములో చక్కెర పెరిగినచో శిలీంధ్రమునకు విందే. ప్రతి గర్భిణికిని మొదటి పరీక్షనాడు ఒకమారు, మరల 24 నుండి 28 వారముల నడుమ మరియొకమారు 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగించి, రెండు గంటల తరువాత రక్తపరీక్ష చేయవలెనని జాతీయ మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఫలితము 140 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని యున్నచో అది గర్భకాలపు మధుమేహము. రెండవమారు పరీక్షకు పోకుండుట చాలచోట్ల జరుగుచున్నది. పూత మరల మరల వచ్చు గర్భిణి మాత్రము దానిని తప్పించుకొనరాదు. గర్భిణులకు చేయు హెచ్.ఐ.వి. పరీక్షయు అట్టిదే. రెండవది అనవసరపు ఆంటిబయోటిక్ మందులు. జలుబుకొక సూది, నడుము నొప్పికొక సూది వేయించుకొనుట మన పల్లెలలో అలవాటైపోయినది. ఆ మందు రోగక్రిములతోపాటు కాపలా జీవులను కూడ చంపును. శిలీంధ్రమును మాత్రము తాకజాలదు. పదిరోజులకు దురద మొదలగును.

చికిత్స తేలికయైనదే. క్లోట్రిమజోల్ అను మాత్రను గాని లేపనమును గాని లోపల ఉంచుకొనుట గర్భిణికి తగిన మార్గము. వరుసగా ఏడు రాత్రులు వాడవలెను. మూడవనాటికే దురద తగ్గును, నాలుగవనాడు మందు మానివేయుదురు. వ్యాధి తిరిగి వచ్చుటకు ఇంతకంటె పెద్ద కారణము వెదకనక్కరలేదు. ఇక ఒక హెచ్చరిక. తెల్లబట్టకు ఒక్క గుళికతో కుదురునని ఫ్లూకొనజోల్ అను మందు ఇచ్చుట వాడుకలో నున్నది. అది గర్భిణి నోటితో తీసుకొనదగినది కాదు. గర్భస్రావపు ముప్పుతో దానికి సంబంధమున్నట్లు పరిశోధనలు సూచించినవి. కనుక మందు అడుగుటకు ముందు, నెల తప్పిన సంగతి చెప్పి తీరవలెను. సిగ్గుచేత భర్తను గాని చిన్నపిల్లను గాని దుకాణమునకు పంపి మందు తెప్పించుకొనుటలోని ప్రమాదమిదియే. దురదకని దుకాణములలో ఇచ్చు ట్యూబులలో అనేకమునందు స్టీరాయిడు కలిసియుండును. రెండునాళ్లు హాయిగా తోచి, పిదప పూత మరింత ముదురును.

ప్రసవానంతరము కథ బిడ్డ నోటికి చేరును. తల్లినుండి శిలీంధ్రము పురిటిలోనే బిడ్డకు సోకవచ్చును. నాలుకపైనను, బుగ్గల లోపలను తెల్లని పొర కనిపించును. పాల మరక యైనచో శుభ్రమైన మెత్తని గుడ్డతో సుతారముగా తుడిచిన పోవును. పూత యైనచో పోదు. బలవంతముగా గీకరాదు, రక్తము వచ్చును. ఆ నోటినుండి తల్లి చనుమొనకును, చనుమొననుండి మరల బిడ్డ నోటికిని ఈ పూత తిరుగుచుండును. బిడ్డకు మాత్రమే మందు వేసి తల్లిని విడిచినచో వారము తిరుగకముందే మొదటికి వచ్చును. ఇద్దరికిని బాధ కనిపింపకున్నను, ఇద్దరికిని ఒకే దినములలో మందు వాడవలెను. పాలపీక వాడుచున్నచో ప్రతిదినము మరగకాచవలెను.

ఇచ్చట మన పెద్దలు పొరపడు చోటు ఒకటున్నది. నోరు మండి బిడ్డ రొమ్ము విడిచి యేడ్చును. మొన మండి తల్లి కన్నీరు పెట్టుకొనును. పాలు చాలుట లేదని తలచి డబ్బాపాలు తెత్తురు. ఆ సీసా పీకయే శిలీంధ్రమునకు క్రొత్త ఇల్లగును, తల్లిపాలు ఇంకిపోవును. పూత వచ్చినదని తల్లిపాలు మానవలసిన అవసరము ఎంతమాత్రమును లేదు. అయితే మొన నొప్పి యంతయు పూత కాదనియు గుర్తింపవలెను. బిడ్డ మొనను మాత్రమే పట్టి చప్పరించుటవలన కలుగు నొప్పియే ఎక్కువ. ముందుగా ఎ.ఎన్.ఎం. చేత బిడ్డ రొమ్ము పట్టు తీరును చూపించుకొనుట మేలు.

వెలిగారమును తేనెలో రంగరించి బిడ్డ నాలుకకు పూయుట పాత అలవాటు. వెలిగారము పసిబిడ్డకు విషతుల్యము. ఏడాది నిండని బిడ్డకు తేనెయు ప్రమాదమే, దానివలన బోటులిజము అను కండరముల పక్షవాతము కలుగవచ్చును. ఊదారంగు జెన్షన్ వయొలెట్ ఒకప్పుడు ఆసుపత్రులలోనే పూసెడివారు. నేడు దానికంటె మంచి చుక్కల మందులున్నవి.

పంచాయతీ చేయదగిన పనులు చిన్నవే. నెలనెల జరుగు గ్రామ ఆరోగ్య పోషకాహార దినమున ఎ.ఎన్.ఎం. కూర్చుండుచోట ఒక తెర కట్టించుడు. నలుగురి ఎదుట ఏ స్త్రీయు తన బాధ చెప్పుకొనదు. ఆరోగ్య పారిశుద్ధ్య కమిటీ నిధిలో తెరగుడ్డకు డబ్బు లేకపోదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున క్లోట్రిమజోల్ మాత్రలు నిలువయున్నవో లేవో సమావేశమున అడిగి వ్రాయించుడు. బాలింత ఇంటికి 42 దినములలోపల ఆశా కార్యకర్త పలుమారులు పోవును గదా, అప్పుడు బిడ్డ నోరు చూడుమని చెప్పుడు. మరుగుదొడ్డి వచ్చినను స్నానపు గది లేని ఇండ్లు ఏవో లెక్క తీయుడు. ఆడవారి లోదుస్తులు, ముట్టు గుడ్డలు చీరల క్రింద దాచి నీడలో ఆరవేయు అలవాటు పోయి, ఎండ తగులు చోట ఆరినగాని తడి వదలదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను పంచాయతీ స్థానములలో సగము మహిళలవే. ఈ మాట మొదట ఎత్తవలసినవారు వారే. సర్పంచిగారు పురుషులైనచో మాట మార్చక వినుట వారి వంతు.

స్రావము పచ్చగా గాని ఆకుపచ్చగా గాని ఉన్నను, దుర్వాసన కొట్టుచున్నను, జ్వరమో పొత్తికడుపు నొప్పియో తోడైనను, రక్తము కనబడినను, ఉమ్మనీరు వలె ధారగా పోయినను అది పూత కాదు. ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చవలెను. పూతతోనున్న బిడ్డ పాలు పూర్తిగా మానినను, మగతగా పడియున్నను అట్లే.