చెవితో చదివే అక్షరాలు

పిల్లలూ! మీ తెలుగు వాచకంలో ఛందస్సు పాఠం వచ్చే ఉంటుంది. లఘువు, గురువు, గణాలు గుర్తున్నాయి కదూ? “యమాతారాజభానసలగం” అని వల్లె వేసి మూడక్షరాల గణాలు ఎనిమిదింటినీ కంఠస్థం చేసి ఉంటారు. ఇంకా ఆ పాఠం రానివాళ్లు అక్కనో అన్ననో అడగండి. ఈ నెల మనకు అవి కాస్త అవసరం.

ఇప్పుడు లఘువు ఉన్నచోట ఒక పొట్టి కూత, గురువు ఉన్నచోట ఒక పొడుగు కూత పెట్టి చూడండి. న గణం మూడు లఘువులు కదా, అంటే మూడు పొట్టి కూతలు. మోర్సు సంకేతాలలో అది ఇంగ్లీషు అక్షరం ఎస్. మ గణం మూడు గురువులు, అది ఓ. ర గణం కె, జ గణం ఆర్, భ గణం డి, స గణం యు, త గణం జి, య గణం డబ్ల్యూ. ఎనిమిది గణాలకూ ఎనిమిది అక్షరాలు సరిపోయాయి! ఇందులో మాయ ఏమీ లేదు. రెండు రకాల వస్తువులను మూడు స్థానాలలో అమర్చడానికి రెండు రెళ్ల రెళ్లు, ఎనిమిది మార్గాలే ఉన్నాయి. ఆపదలో ఉన్న ఓడ పంపే ఎస్.ఓ.ఎస్. మన ఛందస్సులో చెప్పాలంటే “న, మ, న” అన్నమాట.

ఒక తేడా మాత్రం ఉంది. గురువు లఘువుకు రెండింతలు. మోర్సులో పొడుగు కూత పొట్టి కూతకు మూడింతలు. పొట్టిదాన్ని “డిట్” అనీ, పొడుగుదాన్ని “డా” అనీ పలుకుతారు. అక్షరం మధ్యలో వచ్చే డిట్‌ను తొందరగా “డి” అనేస్తారు. అంటే కె అక్షరం “డా-డి-డా”. మౌనానికి కూడా కొలత ఉంది. ఒకే అక్షరంలోని కూతల మధ్య ఒక డిట్ అంత, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు డిట్లంత, మాటకూ మాటకూ మధ్య ఏడు డిట్లంత మౌనం పాటించాలి.

గణాల పోలిక ముచ్చటగా ఉంది కదూ? సరే, ఇక దాన్ని మరచిపోండి!

ఎందుకంటారా? మీరు “డా-డి-డా” విన్నారనుకోండి. గురువు, లఘువు, గురువు, కాబట్టి ర గణం, కాబట్టి కె. ఇలా మనసులో మూడు మెట్లు ఎక్కి దిగేలోగా అవతలివాడు మరో రెండు అక్షరాలు పంపేసి ఉంటాడు. చుక్కలు, గీతలు గీసిన పట్టికను బట్టీ పట్టినవాళ్లకూ ఇదే చిక్కు. చెవి విన్నదాన్ని కంటికి అప్పగించి, కన్ను పట్టికలో వెతికి, అప్పుడు అక్షరం చెప్పాలి. ఈ దారిలో నిమిషానికి సుమారు పది మాటల దగ్గర బండి ఆగిపోతుంది. చాలామంది అక్కడే విసిగి మానేస్తారు. వాళ్లకు తెలివి లేక కాదు, మొదట పట్టిన దారి తప్పు కనుక.

తంతి చరిత్రలోనూ ఇదే జరిగింది. శామ్యూల్ మోర్సు 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోరుకు తంతి పంపినప్పుడు, అందుకునే యంత్రం కాగితపు పట్టీ మీద గుర్తులు వేసేది. వాటిని కంటితో చదవాలి. కొన్నేళ్లకే ఉద్యోగులు ఒక సంగతి కనిపెట్టారు. యంత్రం చేసే టకటక చప్పుడు వింటే చాలు, పట్టీ చూడనక్కరలేదు! ఇది నమ్మదగిన పద్ధతి కాదని పైవాళ్లు మొదట్లో ఒప్పుకోలేదు. చివరకు పట్టీయే పోయింది, చప్పుడు మిగిలింది.

మరి చెవికి నేరుగా ఎలా నేర్పడం? కొంచెం లెక్క చేద్దాం. మోర్సు వేగాన్ని కొలవడానికి “పారిస్” అనే మాటను ప్రమాణంగా తీసుకుంటారు. చివరి మౌనంతో కలిపి అది సరిగ్గా 50 డిట్ల పొడవు. నిమిషానికి 5 మాటలంటే 250 డిట్లు, ఒక్కో డిట్ 0.24 సెకను. నిమిషానికి 20 మాటలైతే డిట్ 0.06 సెకను మాత్రమే. కె అక్షరం పొడవు మూడు, ఒకటి, ఒకటి, ఒకటి, మూడు కలిపి 9 డిట్లు. నెమ్మది వేగంలో అది రెండు సెకన్లకు పైగా సాగుతుంది. అంత తీరిక ఉంటే మనసు ఊరుకుంటుందా? లెక్కపెట్టడం మొదలెడుతుంది. వేగంగా పంపితే అర సెకను చిల్లర! లెక్కకు వ్యవధి లేదు. అది ఒకే ముక్కగా, ఒక చిన్న రాగంలా చెవిలో పడుతుంది. మీ అమ్మ గొంతును అక్షరాలు విడదీసి గుర్తుపడతారా? ఇదీ అంతే.

అందుకే 1930 దశకంలో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, మొదటి రోజు నుంచే పూర్తి వేగంతో, కాని అతి కొద్ది అక్షరాలతో మొదలుపెట్టాలన్నాడు. అవి నూటికి తొంభై తప్పులేకుండా వస్తే మరొకటి చేర్చాలి. దీనికి తోడు ఫార్న్స్‌వర్త్ పేరు మీద వాడుకలో ఉన్న ఉపాయం మరొకటి ఉంది. అక్షరాన్ని వేగంగానే పంపి, అక్షరాల మధ్య మౌనాన్ని మాత్రం సాగదీస్తారు. నేర్చుకునేకొద్దీ ఆ మౌనం తగ్గిస్తూ పోతారు.

ఇంత చేసినా మధ్యలో ఒక గడ్డుకాలం వస్తుంది. 1897లో అమెరికాలోని ఇండియానాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు, తంతి నేర్చుకుంటున్నవారిని వారం వారం పరీక్షించి గ్రాఫు గీశారు. వినే నేర్పు కొన్నాళ్లు పెరిగి, తరువాత వారాల తరబడి బల్లపరుపుగా ఉండిపోయి, మళ్లీ లేచింది. ఆ చదునులో ఏమీ జరగడం లేదనుకోకండి. విడి అక్షరాలు వినే చెవి, మాటలను మాటలుగా వినడానికి సిద్ధమవుతోంది. ఒంటరిగా నేర్చుకునేవాడికి ఈ సంగతి తెలియదు. “నాకింక రాదు” అనుకుని వదిలేస్తాడు. నలుగురితో కలిసి కూర్చున్నవాడు పక్కవాడి అవస్థ కూడా అదేనని చూస్తాడు.

మన దేశంలో తంతి సేవ 2013 జులైలో ముగిసింది. రేడియో లైసెన్సుకు మోర్సు తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధనను 2003లోనే ఎత్తేసి, ఆ నిర్ణయం ఏ దేశానికి ఆ దేశానికే వదిలారు. అయినా అమెచ్యూరు రేడియోవాళ్లు మోర్సును వదల్లేదు. గొంతు పంపడానికి సుమారు 2,500 హెర్ట్జుల వెడల్పు కావాలి. మోర్సుకు 150 చాలు. ఉన్న కాస్త శక్తీ సన్నని దారిలో పోతుంది కనుక హోరులోనూ వినిపిస్తుంది. కాని గురువు ఏడి? మీ ఊళ్లో లేకపోవచ్చు. ఇప్పుడు ఇంటర్నెట్టు మీద తరగతులు నడుస్తున్నాయి. సి.డబ్ల్యు.ఆప్స్ అనే సంఘం వారి పాఠశాలలో స్వచ్ఛందంగా బోధించే అనుభవజ్ఞుడు, కొద్దిమంది విద్యార్థులతో వారానికి రెండుసార్లు, ఎనిమిది వారాలు వీడియోలో కలుస్తాడు. మిగిలిన రోజుల్లో ఎవరి సాధన వారిదే. గంటసేపు ఏకబిగిన కాకుండా, పావుగంట చొప్పున నాలుగుసార్లు చేస్తే చెవి అలసిపోదు.

ఈ తరగతిలో ఒక తమాషా ఉంది. వీడియో పిలుపులు మనిషి గొంతు కోసం తయారయ్యాయి. ఫ్యాను హోరులాంటి మారని శబ్దం వస్తే కంప్యూటరు దాన్ని రొదగా ఎంచి తీసేస్తుంది. మోర్సు కూత కూడా ఒకే స్థాయిలో మోగేదే! పాపం, మాస్టారు డా అంటే సగమే వినిపిస్తుంది. అందుకని శబ్దాన్ని శుభ్రం చేసే ఆ ఏర్పాటును ముందే ఆపివేస్తారు. ఇంకొకటి, శబ్దం ప్రయాణానికి కొంత ఆలస్యం పడుతుంది, అదీ ఒక్కో ఇంటికి ఒక్కో రకంగా. కనుక అందరూ కలిసి వల్లె వేస్తే గందరగోళమే. ఒకరు పంపుతారు, మిగిలినవారు నోరు మూసుకుని వింటారు. నిజం చెప్పాలంటే ఇది మంచికే, ఎందుకంటే మోర్సులో కష్టమంతా వినడంలోనే ఉంది. చేతికి పంపడం త్వరగానే అలవాటవుతుంది.

గాలిలోకి ప్రసారం చేయాలంటే ప్రభుత్వ పరీక్ష, లైసెన్సు ఉండాలి. నోటితో సాధనకు అవేవీ అక్కరలేదు. ఇంటర్నెట్టు తరగతిలో చేరాలంటే మాత్రం ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్ల ఎదుటే చేరండి.

ఈలోగా మీ స్నేహితుడితో ఈ ఆట మొదలుపెట్టండి. కాగితం, పెన్సిలు వద్దు. ఒకరికొకరు వీపు తిప్పి కూర్చోండి. మొదటి రోజు కె, ఎం రెండే: “డా-డి-డా”, “డా-డా”. గబగబా పలకండి, మధ్యలో బాగా ఆగండి. పదింటికి తొమ్మిది సరిగా వస్తే మరునాడు ఆర్ చేర్చండి, “డి-డా-డిట్”. తరువాత ఓ. నాలుగూ వచ్చాక అవతలివాడికి చెప్పకుండా “డా-డా-డా, డా-డి-డా” అని పంపండి. అది ఏ మాటో అతను గుర్తుపడితే, అందింది అని చెప్పడానికి రేడియోవాళ్లు పంపే ఒక్క అక్షరమే తిరిగి పంపాలి: “డి-డా-డిట్”.