కడుపులో కదలిక

దోమ మండలంలో ఒక ఊరు. ఆ ఇంట్లో కోడి పొదుగుతున్నది. ముక్కుతో గుడ్లను అటూ ఇటూ దొర్లిస్తున్నది. కోడలు చూసింది. ఆమెకు ఎనిమిదో నెల.

"అత్తమ్మా! కోడి గుడ్లను ఎందుకు దొర్లిస్తది?"

"ఒక్క తీరుగ ఉంటే పిల్ల లోపలి పొరకు అంటుకపోతది బిడ్డా."

అత్త మాట నిజమే. అప్పుడే ఆశా కార్యకర్త వచ్చింది. ఆమె ఇలా చెప్పింది.

గుడ్డులో పిల్ల 21 రోజుల్లో తయారవుతుంది. మొదట అది కణాల ముద్ద. కణాలు కంటికి కనపడవు. ఇటుకలతో ఇల్లు కట్టినట్టు కణాలతో ఒళ్లు ఏర్పడుతుంది. కానీ ఇటుకలు కదలవు. కణాలు కదులుతాయి. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, గుంజుకుంటాయి. అట్లా మడతలు పడతాయి. మడతలు గొట్టాలవుతాయి. వెన్నుపాము, పేగు, గుండె అట్లాగే మొదలవుతాయి.

మన కంది వేరు మెత్తటి మట్టిలో కిందికి దిగుతుంది. నాపరాయి తగిలితే పక్కకు తిరుగుతుంది. కణాలు కూడా మెత్తన, గట్టి గుర్తుపడతాయి. 2006లో అమెరికా శాస్త్రవేత్తలు ఒకే రకం కణాలను వేరువేరు జిగురుల మీద పెంచారు. మెత్తటి జిగురు మీదివి నరాల కణాల తీరుగా మారసాగాయి. గట్టి జిగురు మీదివి ఎముక కణాల తీరుగా మారసాగాయి.

1962లో గుడ్డులోని కోడిపిల్లల కదలికను మందుతో ఆపి చూశారు. వాటి కీళ్లు బిగుసుకుపోయాయి. కాళ్లు వంకరపోయాయి.

"మన బిడ్డ కూడా ఉమ్మనీటిలో కదలాలె. కాళ్లు చేతులు ఆడిస్తేనే కీళ్లు, ఎముకలు సరిగ్గ తయారైతయి. ఉమ్మనీరు బాగా తగ్గితే బిడ్డకు చోటు చాలదు" అన్నది ఆశా కార్యకర్త.

కోడలు ముఖం చిన్నబోయింది.

"అక్కా! నిన్నటి సంది బిడ్డ సరిగ్గ కదులుతలేదు. పని మీద పడి తెలుస్తలేదనుకున్న."

"రేపు చూద్దాం అనొద్దు చెల్లె. ఇప్పుడే పోదాం."

అత్త 108కి ఫోన్ చేసింది. ఆస్పత్రిలో స్కానింగ్ తీశారు. గుండె బాగానే కొట్టుకుంటున్నది. ఉమ్మనీరు తగ్గింది. డాక్టరమ్మ కోడలిని అక్కడే ఉంచుకున్నది. "సమయానికి తెచ్చిండ్రు" అన్నది.

గుర్తుంచుకోండి: కడుపులో బిడ్డ కదలిక తగ్గితే, ఉమ్మనీరు కారితే వెంటనే ఆస్పత్రికి పోవాలి.

జవాబులు రాయండి:
1. కోడి గుడ్లను ఎందుకు దొర్లిస్తుంది?
2. కడుపులో బిడ్డ కదలకపోతే ఏమవుతుంది?
3. మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెను ఏమి అడుగుతారు?