సైకిళ్ళ జట్టు – గాలి లెక్క

మీ పేటలోని సైకిల్ దుకాణం వారు శామీర్‌పేట చెరువు దగ్గర సైకిల్ పండుగ జరుపుతున్నారనుకోండి. ఆదివారం తెల్లవారుజామున ఎనిమిది మంది సికింద్రాబాదులో కలుసుకున్నారు. తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట, తూముకుంట మీదుగా కరీంనగర్ రోడ్డున పోవాలి. అటూ ఇటూగా పాతిక కిలోమీటర్లు. జట్టులో గేర్ల సైకిళ్ళ కాలేజీ కుర్రవాళ్ళు ఉన్నారు, మామూలు సైకిల్ మీద వచ్చిన ఏడో తరగతి పిల్లవాడూ ఉన్నాడు. అందరూ కలిసి చేరాలి. ఎవరు ముందు పోవాలి, ఎవరు వెనుక, ఎంత ఎడంలో? ఇది తేల్చుకోవాలంటే ముందు గాలి సంగతి తెలియాలి.

గాలికి బరువు ఉందని మీరు చదువుకునే ఉంటారు. హైదరాబాదు సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది. ఇక్కడ ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.1 కిలోగ్రాములు తూగుతుంది. నిటారుగా కూర్చుని తొక్కేవాని ఎదుటి భాగం సుమారు అర చదరపు మీటరు అనుకుందాం. గంటకు 18 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 5 మీటర్లు. అంటే అతడు ప్రతి సెకనూ రెండున్నర ఘనపు మీటర్ల గాలిని, అనగా 2.75 కిలోల గాలిని, పక్కకు నెట్టుకుంటూ పోతున్నాడన్నమాట!

వేగం రెట్టింపు చేసి 36 కిలోమీటర్లు చేయండి. ఇప్పుడు సెకనుకు అయిదున్నర కిలోల గాలి ఎదురవుతుంది. అంతేకాదు, ఆ గాలిలో ప్రతి కిలోనూ రెట్టింపు వేగంతో ఢీకొనాలి. రెండు రెళ్ళు నాలుగు: గాలి నిరోధం నాలుగింతలయింది. ఆ నాలుగింతల బలాన్ని రెట్టింపు వేగంతో ప్రయోగించాలి కనుక గాలి కోసం కాళ్ళు చూపవలసిన సామర్థ్యం ఎనిమిదింతలు. జోరుగా తొక్కేవాడు అంత త్వరగా ఎందుకు అలసిపోతాడో తెలిసిందిగదా.

అయితే గాలి ఒక్కటే అడ్డు కాదు. టైరు నేలమీద దొర్లేటప్పుడు నలిగి మళ్ళీ ఉబ్బుతుంటుంది. అందులో కొంత శక్తి పోతుంది. ఇది దొర్లుడు ఘర్షణ. మామూలు సైకిల్ మీద గంటకు 15 కిలోమీటర్ల దగ్గర ఈ రెండు అడ్డంకులూ ఇంచుమించు సమానం. 30 కిలోమీటర్లకు వచ్చేసరికి మొత్తం నిరోధంలో అయిదింట నాలుగు వంతులు గాలిదే.

ఇక జట్టు సంగతి. ముందు పోయే సైకిల్ గాలిని చీల్చుకుంటూ పోతుంది. దాని వెనుక పీడనం తగ్గి, సుడులు తిరిగే గాలి కొంత దూరం దానితోపాటే ముందుకు సాగుతుంది. ఆ చోటులో ఉన్నవానికి ఎదురుగాలి మందం. 1979లో అమెరికాకు చెందిన చెస్టర్ కైల్ ప్రచురించిన కొలతల ప్రకారం గంటకు 40 కిలోమీటర్ల వేగంలో దగ్గరగా వెనుక వచ్చేవానికి శ్రమ సుమారు మూడో వంతు తగ్గింది. 2018లో బెర్ట్ బ్లాకెన్ బృందం 121 మంది పోటీదారుల గుంపును నమూనా బొమ్మలతో గాలి సొరంగంలోనూ కంప్యూటర్ లెక్కలతోనూ పరిశీలించింది. గుంపు నడుమ, వెనుకభాగాన ఉన్నవారికి గాలి నిరోధం ఒంటరివానికి ఉండేదానిలో నూటికి 5 నుంచి 10 వంతులకు పడిపోయిందట! విచిత్రమేమంటే ముందువానికి కూడా స్వల్పంగా లాభమే. వెనుక మనిషి ఉంటే ముందువాని వీపు వెనుక పీడనం మరీ పడిపోదు.

నలుగురు స్నేహితులు వరుసగా పోతున్నారనుకోండి. ముందువాని శ్రమ 100, వెనుకవారిది 70 అని పెట్టుకుందాం. వంతులవారీగా ముందుకు వస్తే సగటు శ్రమ (100 + 70 + 70 + 70) ÷ 4 = 77.5. ఒంటరిగా పోతే నలుగురికీ నూరేసి. మన ఏడో తరగతి పిల్లవాణ్ణి ముందుకు రానివ్వకుండా వెనుకనే ఉంచితే వాడికి 70తో సరి. పెద్దవాళ్ళు ఆ మాత్రం చేయాలి. కాకపోతే ఇవి జోరు వేగం అంకెలు. గంటకు 15 కిలోమీటర్ల నడకలో లాభం బాగా తక్కువ.

ఈ లాభానికి చెల్లించే వెల ఒకటుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు అయిదున్నర మీటర్లు పోతాం. ముందువాడు బ్రేకు వేయడం చూసి మన చెయ్యి బ్రేకు నొక్కేసరికి అర సెకను పట్టినా దాదాపు మూడు మీటర్లు ముందుకు పోయి ఉంటాం. పందెగాళ్ళ మధ్య ఎడం అర మీటరే ఉంటుంది. వాళ్ళకు ఏళ్ళ సాధన ఉంది. మీకు రెండు సైకిళ్ళ పొడవు, అంటే మూడున్నర మీటర్లయినా ఉండాలి. అంత ఎడంలో చాటు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ముందు చక్రాన్ని ఎదుటివాని వెనుక చక్రం పక్కకు ఎన్నడూ చేర్చవద్దు. సైకిల్ ఏ వైపు ఒరిగితే ఆ వైపుకు హ్యాండిల్ తిప్పి మనం నిలదొక్కుకుంటాం. చక్రం చక్రానికి ఆనితే హ్యాండిల్ తిరగదు, పడేది వెనుకవాడే. వెనుకవారికి రోడ్డు కనిపించదు కనుక ముందువాడు "గుంట!" అని కేకవేసి చేయి చూపాలి.

మనిషి చాటే ఇంత లాభమైతే బండి చాటు ఎంత? 1899 జూన్ 30న అమెరికాలో చార్లెస్ మర్ఫీ ఒక రైలు పెట్టె వెనుక సైకిల్ తొక్కి మైలు దూరాన్ని 57.8 సెకన్లలో దాటాడు. 2018లో డెనిస్ ముల్లర్ కోరెనెక్ అనే ఆమె బోనవిల్ ఉప్పు మైదానంలో ఒక పందెపు కారు చాటున గంటకు 296 కిలోమీటర్ల వేగం అందుకుంది. అవన్నీ దారి ఖాళీ చేయించి, ముందే ఏర్పాట్లు చేసుకుని చేసినవి. మేడ్చల్ మీదుగా పోయే నాగపూర్ రోడ్డున లారీ వెనుక చేరే కుర్రవాళ్ళకు ముందు గుంట కనబడదు, లారీవానికి వెనుక కుర్రవాడు కనబడడు. ఆ సరదా వద్దు. లారీ మిమ్మల్ని దాటిపోయేటప్పుడు కూడా మొదట బయటికి తోసి, వెంటనే లోపలికి లాగుతుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని ఎడమ అంచున తిన్నగా పొండి. బాహ్యవలయ రహదారి ప్రధాన మార్గం మీదికి సైకిళ్ళకు ప్రవేశమే లేదు. పక్కనున్న సర్వీసు రోడ్డే మనది.

వానాకాలంలో ఇంకో చిక్కు. అప్పుడు మనకు గాలి ఎక్కువగా పడమటి దిక్కునుంచి వీస్తుంది. శామీర్‌పేట రోడ్డు, మేడ్చల్ రోడ్డు రెండూ ఇంచుమించు ఉత్తరానికే పోతాయి. కాబట్టి పోయేటప్పుడు గాలి ఎడమ పక్కనుంచి తగులుతుంది. అప్పుడు చాటు ముందువాని వెనుక సూటిగా ఉండదు. వెనుకకూ కుడికీ ఏటవాలుగా ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ పోతే రోడ్డు నడిమికి, బస్సుల దారికి చేరతాం. ఆ చాటును వదులుకోవడమే తెలివి. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా చాటు అక్కరకు రాదు. వేగం తగ్గితే గాలి నిరోధం తగ్గుతుంది, మిగిలేది మన బరువే. దాన్ని ఎవరూ పంచుకోలేరు. జట్లు తెగిపోయేది అక్కడే. గట్టు పైన ఆగి వెనుకవారిని కలుపుకోవాలి.

బడి ఆటస్థలంలో ఒక ప్రయోగం చేసి చూడండి. సమతలమైన చోట సున్నంతో గీత గీయండి. ఒకే వేగంతో గీత దగ్గరకు వచ్చి తొక్కడం మానేయండి. సైకిల్ ఎంత దూరం దొర్లిందో కొలవండి. ఒకసారి నిటారుగా కూర్చుని, ఒకసారి వంగి, మూడేసిసార్లు చేసి సగటు తీయండి. తరువాత టైరులో గాలి కొంచెం తగ్గించి మళ్ళీ చేయండి. ఈ తక్కువ వేగంలో మీరు వంగినందువల్ల వచ్చిన తేడా పెద్దదా, టైరువల్ల వచ్చిన తేడా పెద్దదా? పండుగకు బయలుదేరేముందు ఎవరి టైర్లకు గాలి కొట్టించాలో అక్కడే తెలుస్తుంది.