గుర్రపుడెక్కపై రెండు పురుగులు

చెరువులలో ఊదారంగు పూలతో కనువిందు చేసే గుర్రపుడెక్క మన దేశపు మొక్క కాదు. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. పూల అందానికి ముచ్చటపడి మానవుడే దానిని ఖండాంతరాలకు కొనిపోయాడు. అనుకూల పరిస్థితులలో రెండు వారాలలోనే రెట్టింపు కాగల ఈ మొక్క నీటిపై దట్టంగా పరచుకొని సూర్యరశ్మిని అడ్డుకొంటుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు నశిస్తాయి. పడవ కదలదు, వల పడదు. జాలరి కుటుంబం పస్తులుంటుంది.

స్వస్థలంలో ఈ మొక్కను అదుపులో ఉంచే సహజశత్రువులున్నాయి. వాటిలో ముఖ్యమైనవి నియోకెటినా ఐకార్నియే, నియోకెటినా బ్రూకై అనే రెండు ముక్కుపురుగులు. ఇవి ఆకులను గీరి తింటాయి. వీటి డింభకాలు కాడలను తొలుచుకొంటూ మొక్క మొదలును చేరుతాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో మొదటిదానిని 1972లో, రెండవదానిని 1974లో విడిచారు. 1980వ దశకంలో ఇవి భారతదేశానికీ వచ్చాయి. పరదేశపు పురుగును తెచ్చి విడవడం సాహసమే. అది పంటలను తింటే రైతు గతి ఏమి? అందువలన అవి పంటమొక్కలపై బ్రతకజాలవని పరీక్షించిన పిదపనే శాస్త్రజ్ఞులు వాటిని చెరువులలో విడిచారు.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. ఒకే వనరుపై ఒకే విధంగా ఆధారపడే రెండు జాతులు చిరకాలం కలిసి మనజాలవని రష్యా శాస్త్రవేత్త గాజ్ 1930వ దశకంలో ప్రయోగపూర్వకంగా చూపాడు. మరి ఒకే మొక్కను తినే ఈ దాయాదులు ఎట్లు కలిసి మనుచున్నాయి?

సమాధానం వాటి నడవడిలో ఉన్నది. ఐకార్నియే లేత ఆకులలో ఒక్కొక్క గుడ్డుగా పెడుతుంది. బ్రూకై ముదురు ఆకుల ఉబ్బిన కాడలలో ఒకేచోట పలు గుడ్లు పెడుతుంది. పోషకాలు సమృద్ధిగా గల నీటిలో బ్రూకై త్వరగా వృద్ధి చెందుతుంది. పోషకాలు కొరవడినచోట ఐకార్నియే నిలదొక్కుకొంటుంది. ఆహారం ఒకటే అయినా, దానిని వాడుకొనే తావు, తీరు వేరు. ఆ భేదమే వాటి పోటీని తగ్గిస్తుంది.

ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1995 నుండి ఈ రెండింటినీ విడిచారు. 1990వ దశకం చివరకు కలుపు చాలావరకు క్షీణించింది. ఎల్‌నినో వర్షాలు, గాలులు కూడ అందుకు తోడ్పడ్డాయి. కాని మురుగునీరు, పొలాల ఎరువులు సరస్సులో చేరుతూనే ఉండటంతో కలుపు మరల తలయెత్తింది. పురుగు తన పని తాను చేస్తుంది. నీటిని శుభ్రంగా ఉంచుకోవలసిన బాధ్యత మాత్రం మానవునిదే.

అర్థాలు
డింభకం : గుడ్డు నుండి వెలువడిన పిల్లపురుగు
దాయాది : జ్ఞాతి
మనుట : జీవించుట

ప్రశ్నలు
1. పురుగులను విడిచే ముందు శాస్త్రజ్ఞులు ఏ జాగ్రత్త తీసుకొన్నారు? ఎందుకు?
2. రెండు ముక్కుపురుగులు ఒకే మొక్కపై ఎట్లు సహజీవనం చేస్తున్నాయో వివరించండి.