విదేశీ పరిశోధన - ఆరోగ్య బీమా

మన కాలేజీ నుంచి ఏటా కొందరు మిత్రులు పరిశోధన కోసం విదేశాలకు వెళ్తున్నారు. వెళ్ళేవాళ్ళు ప్రొఫెసర్ గురించి అడుగుతారు, లాబొరేటరీ గురించి అడుగుతారు, చలికోటు గురించి, చివరికి ఆవకాయ పట్టుకెళ్ళడం గురించి కూడా అడుగుతారు. ఆరోగ్య బీమా గురించి అడిగినవారు మాత్రం నాకింతవరకు తగల్లేదు. నేనూ అడగలేదు. అడగనందుకు నాకేమైందో చెప్పడానికే ఈ వ్యాసం. ఈ విషయంలో దేశానికో పద్ధతి ఉంది కనుక, నేను పనిచేసిన జర్మనీకే పరిమితమవుతాను.

జర్మనీలో ఆరోగ్య బీమా నిన్నమొన్నటిది కాదు. బిస్మార్క్ ఛాన్సలర్‌గా ఉండగా 1883లో కార్మికుల కోసం చట్టం తెచ్చారు. ఉద్యోగి కొంత, యజమాని కొంత బీమా నిధికి కట్టడం అప్పటి నుంచీ ఉన్నదే. దీన్ని చట్టబద్ధ బీమా అందాం. దీని పక్కనే ప్రైవేటు బీమా కూడా ఉంది. ఈ రెంటిలో ఏదో ఒకటి లేకుండా ఆ దేశంలో నివాసం ఉండటానికి వీల్లేదు. మరి మనం దేనిలోకి వస్తాం? అది మన ఇష్టం కంటే మన చేతిలో ఉన్న కాగితం మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

రెండు రకాల కాగితాలు

పరిశోధకుడికి డబ్బు రెండు విధాలుగా వస్తుంది. ఒకటి ఉద్యోగపు కాంట్రాక్టు, రెండవది ఫెలోషిప్.

కాంట్రాక్టు ఉంటే మీరు ఉద్యోగి. ఏడాది జీతం చట్టం చెప్పిన పరిమితిని దాటనంతవరకు (2025లో అది 73,800 యూరోలు) చట్టబద్ధ బీమాలో చేరి తీరాలి. డాక్టరేట్ చేసేవారి జీతాలు ఆ దరిదాపులకు పోవు. 2025లో చందా జీతంలో 14.6 శాతం, దానిపైన సగటున 2.5 శాతం అదనం. ఇందులో సగం యజమానిదే. అంటే నెలకు 3,000 యూరోల జీతగాడి వాటా సుమారు 257 యూరోలు. ముసలివాడివా, పడుచువాడివా, పాత జబ్బులున్నాయా అని ఎవరూ అడగరు. భార్యకూ పిల్లలకూ చెప్పుకోదగ్గ ఆదాయం లేకపోతే వాళ్ళకి కూడా ఆ చందాలోనే బీమా. జబ్బుపడితే ఆరువారాల వరకు యజమాని జీతమిస్తాడు. ఆపైన బీమా నిధి జీతంలో 70 శాతం దాకా ఇస్తుంది.

ఫెలోషిప్ అయితే మీరు ఉద్యోగి కారు. పోనీ విద్యార్థులకిచ్చే చౌక బీమా దొరుకుతుందా అంటే, డాక్టరేట్ చేసేవారిని ఆ లెక్కలో విద్యార్థిగా చూడరు. కొన్ని షరతులకు లోబడి స్వచ్ఛందంగా చట్టబద్ధ బీమాలో చేరవచ్చుగాని, మనదేశం నుంచి తిన్నగా వెళ్ళినవాడికి ఆ షరతులు సాధారణంగా కుదరవు. ఇక మిగిలేది ప్రైవేటు బీమా. అక్కడ వయస్సును బట్టి, ఆరోగ్యాన్ని బట్టి, తలకింత చొప్పున ప్రీమియం.

నా అనుభవం

నేను వెళ్ళింది ఫెలోషిప్ మీద. నెలకు చేతికొచ్చే సొమ్ము పక్కబల్ల మీద పనిచేసే కేరళ మిత్రుడి కంటే కాస్త ఎక్కువే. అతనిది కాంట్రాక్టు. చందా పోగా మిగిలిన అతని జీతం చూసి, "నాదే లాభం" అని లోలోపల మురిసిపోయాను. ప్రైవేటు పాలసీల్లో అన్నిటికన్నా చౌకది చూసి సంతకం పెట్టాను. వెనకపేజీల్లో చిన్న అక్షరాలు చదవలేదు.

నాలుగో నెలలో నడుము పక్కన నొప్పి. మూత్రపిండంలో రాయి. మూడురోజులు ఆసుపత్రిలో ఉన్నాను. బిల్లు ముందు మనం కట్టి తర్వాత కంపెనీ నుంచి రాబట్టుకోవాలి. రాబట్టుకోబోతే, "ఎమ్మెస్సీ రోజుల్లో మీకిదే జబ్బు వచ్చింది కదా, పాత జబ్బులు పాలసీలో లేవు" అని జవాబు. ఎమ్మెస్సీలో వచ్చిన మాట నిజమే, పాలసీలో అలా రాసి ఉన్న మాటా నిజమే. ఎవరిని అనగలను? రెండునెలల ఫెలోషిప్ పైగా పోయింది. ఆ ఏడాదే కేరళ మిత్రుడికి అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది. నాలుగురోజులకు, రోజుకి పది చొప్పున, నలభై యూరోలు కట్టి నవ్వుతూ ఇంటికొచ్చాడు. అతనికి ప్రతినెలా తరిగినట్లు కనిపించిన సొమ్ము ఎక్కడ దాగి ఉందో అప్పుడు నాకు తెలిసింది.

మరుసటి ఏడు ప్రొఫెసర్ గారిని అడిగితే, "ముందే అడగవలసింది" అని ప్రాజెక్టులో కాంట్రాక్టు ఇచ్చారు. ఆ రోజు నుంచే చట్టబద్ధ బీమా. నా రాయి సంగతి ఒక్కరూ అడగలేదు.

బయలుదేరే ముందు అడగవలసినవి

1. నాకిచ్చేది కాంట్రాక్టా, ఫెలోషిప్పా? మార్చే వీలుందా? అడగడం తప్పు కాదు. మాక్స్ ప్లాంక్ సంస్థే 2015లో డాక్టరేట్ పరిశోధకులకు స్టైపెండు బదులు కాంట్రాక్టులివ్వడం మొదలుపెట్టింది.

2. ఫెలోషిప్పే అయితే, ఇచ్చే సంస్థ బీమా ఏర్పాటు చేస్తుందా? కొన్ని సంస్థలు చేస్తాయి.

3. పాలసీలో ఏమేమి లేవు? పాత జబ్బులు, కాన్పు, పళ్ళ వైద్యం, మానసిక వైద్యం - ఈ నాలుగూ తప్పక చూడాలి. కాన్పుకి కొన్ని నెలలు ఆగాలనే షరతు ఉండవచ్చు. ఆరోగ్య ప్రశ్నలకు అబద్ధం రాయకండి. బయటపడితే పాలసీయే పోతుంది.

4. వీసా కోసం కొన్న ట్రావెల్ పాలసీతో సరిపెట్టుకుంటున్నానా? అది ప్రయాణంలో హఠాత్తుగా వచ్చే ఆపదకు. ఏళ్ళ తరబడి కాపురానికి కాదు.

5. సెలవుల్లో ఇంటికొస్తే? జర్మన్ చట్టబద్ధ బీమా కార్డు మనదేశంలో చెల్లదు. ఆ కొద్దివారాలకు వేరే ఏర్పాటు చేసుకోవాలి.

ప్రీమియం ఎంత అన్న ప్రశ్న ఈ అయిదింటి తర్వాతనే. మనవాళ్ళం దాన్నే మొదట అడుగుతాం, నేను అడిగినట్లే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినవాణ్ణి నేను. మీరు నీళ్ళున్నాయో లేవో చూసుకొని మరీ ఇంట్లో దిగండి.

విదేశాలకు వెళ్ళబోతున్న సోదర సోదరీమణులు థీసిస్‌తోపాటు ఆరోగ్యంతోనూ తిరిగి రావాలని ఆకాంక్షిస్తున్నాను.