పాత మోటారు సైకిలునకు గేరు తప్పుట: కారణములు, పరీక్షావిధానము

పత్తి తీతల దినములలో మన ప్రాంతపు రైతునకు ఎద్దుబండికంటె మోటారు సైకిలే ఎక్కువ అక్కఱకు వచ్చుచున్నది. పొలములోని కూలీలకు అన్నము గొంపోవుటకును, ఎమ్మిగనూరినుండి మందుడబ్బాలు తెచ్చుటకును, ఆదోని మార్కెట్టులో ధర ఎట్లున్నదో విచారించి వచ్చుటకును అదియే సాధనము. అట్టి బండి దారిలో గేరు తప్పినచో ఆనాటి పని చెడుట యటుండనిండు. వెనుక ఎరువు బస్తాతో కాలువగట్టు ఎక్కుచుండగా గేరు ఊడినచో ఇంజను వట్టిగా అరచును. బండి వెనుకకు జారును. లారీలు వచ్చుచుండగా రోడ్డు దాటునపుడు ఇట్లు జరిగిన యెడల ప్రాణాపాయము.

గేరు తప్పుచున్నదని తెలిసిన వెంటనే మనవారు బండిని మెకానిక్కు కడకు నడిపించుకొనిపోయి, “గేరు పడుటలేదయ్యా” యని యొక్క మాట చెప్పి, దుకాణము ముంగిట కూర్చుందురు. ఆ యొక్క మాటను పట్టుకొని అతడు గేరుపెట్టె విప్పును. విప్పిన పిమ్మట ఏదో యొక పళ్లచక్రము అరిగినట్లే కనబడును. పాతబండిలో అరగనిది ఏది? సామానులు మార్చబడును, సొమ్ము ఖర్చగును, గేరు మాత్రము మరల తప్పుచుండును. ఏలయన దోషము పెట్టెలో లేదు. ఎమ్మిగనూరిలో 1938వ సంవత్సరమున మాచాని సోమప్పగారు నేతపనివారికి సహకార సంఘము స్థాపించిరి. ఆ వృత్తివారిని ఎవరినైన అడుగుడు: పోగు తెగినప్పుడు తెగినది ఏ పోగో చూతురు గాని మగ్గము విప్పుదురా?

మన పల్లెలలో నేటికిని తిరుగుచున్న పాతబండ్లలో బుల్లెట్టు ముఖ్యమైనది గావున దానినే ఉదాహరణముగా గైకొందము. ఇంగ్లండు దేశపు రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీతో కలిసి 1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ యేర్పడినది. ఆ సంస్థ చేసిన పాత బుల్లెట్టులోని నాలుగు గేర్ల పెట్టె బర్మింగ్‌హామునందలి ఆల్బియన్ కంపెనీ పద్ధతిది. ఇది ఇంజనునకు వెనుక వేరుగా బిగింపబడి యుండును. గేరు పెడలు కుడికాలికి, వెనుక బ్రేకు ఎడమకాలికి వచ్చును. పెడలును పైకెత్తినచో మొదటి గేరు. క్రిందికి నొక్కుచు పోయినచో రెండు, మూడు, నాలుగు. ఇటీవలి బండ్లలో గేరు ఎడమ ప్రక్క నుండును. కావున ఇంటిలో రెండు బండ్లున్న కుఱ్ఱవాడు బ్రేకనుకొని గేరును, గేరనుకొని బ్రేకును త్రొక్కుటయు కలదు. ఇది యంత్రదోషము కాకున్నను అన్నిటికంటె భయంకరమైనది. క్రొత్తగా బుల్లెట్టు నెక్కువానికి ఖాళీ కళ్లములో ఒకదినము అభ్యాసము చేయించిన పిమ్మటనే రోడ్డు మీదికి పంపవలెను.

లోపల జరుగునది యేమో కొంచెము తెలిసికొనుట మేలు. ఒకే ఇరుసుపై నున్న రెండు చక్రములకు ప్రక్కవైపున మొద్దుపళ్లు పొడుచుకొని యుండును. పెడలు నొక్కినపుడు ఒక ఫోర్కు వచ్చి ఒక చక్రమును ప్రక్కకు జరుపగా, దాని మొద్దుపళ్లు రెండవదాని సందులలో దిగును. తలుపుగడియ రంధ్రములో దిగినట్లే యిదియు. పూర్తిగా దిగినచో ఎంత గాలికిని తలుపు తెఱచుకొనదు. కొనమాత్రమే దిగినచో నిలిచినట్లే యుండి, గట్టి తోపునకు ఊడివచ్చును. గేరు తప్పుట యనగా అనేక పర్యాయములు ఈ కొన దిగుటయే.

అందుచేత “గేరు తప్పుట” యను నొక్క మాట క్రింద మూడు వేర్వేరు రోగములున్నవి. పెడలు నొక్కినను గేరు పడక రెండు గేర్ల నడుమ నిలిచి, ఇంజను వట్టిగా తిరుగుట యొకటి. గేరు పడినదై, కొంతదూరము పోయిన పిమ్మట బరువు మీద తనంతట ఊడివచ్చుట రెండవది. గరగరమని పళ్లు కొట్టుకొని, అతికష్టము మీద పడుట మూడవది. వీనితో పోల్చి మోసపోదగినది మఱియొకటి కలదు. క్లచ్చి జారుచున్నపుడును ఇంజను అరచును, బండి మందగించును. కాని అప్పుడు బండికి కొంత లాగుడు మిగిలియుండును, కాలిన వాసన వచ్చును. గేరు ఊడినచో లాగుడే యుండదు.

బండిని సెంటరు స్టాండుపై నిలిపి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో వేసికొనుడు. గొలుసు దగ్గర చేతులు పెట్టువాడెవడును ఈ జాగ్రత్త మానరాదు. ఇంటిలోని యొకనిచే క్లచ్చి లీవరును పూర్తిగా పట్టించి, ఒకచేత వెనుక చక్రమును మెల్లగా ఇటునటు త్రిప్పుచు, రెండవచేత గేరు పెడలు నొక్కుడు. చక్రము కదలుచుండిననే మొద్దుపళ్లు సందులకు ఎదురుగా వచ్చును. త్రిప్పక నొక్కినచో మంచి పెట్టె కూడ మొరాయించును. ఒక్కొక్క గేరు పడిన పిమ్మట క్లచ్చి విడిపించి చక్రమును త్రిప్పి చూడుడు. చక్రము బిగిసినచో గేరు పడినట్లు. తేలికగా తిరిగినచో పడలేదు. ఇట్లు నాలుగు గేర్లును పైకి, క్రిందికి రెండు మూడు పర్యాయములు చూడవలెను. స్టాండుపై అన్నియు చక్కగ పడి, రోడ్డు మీద మాత్రమే తప్పుచున్నచో క్లచ్చిని, నడుపు పద్ధతిని, బరువు కట్టిన తీరును విచారింపుడు. స్టాండుపైనను తప్పినచో పెడలు మొదలుకొని లోపలికి విచారణ సాగవలెను.

పెడలు సంగతి మన రేగడి భూములవారికి విశేషముగా చెప్పవలసియున్నది. వానకాలములో రేగడిబురద చక్రములకు పట్టినట్లే పెడలు కీలునకును పట్టి, ఎండినపిమ్మట ఇటుకవలె గట్టిపడును. అప్పుడు నొక్కిన పెడలు తనంతట నడిమికి తిరిగి రాదు. తిరిగి రానిచో తరువాతి నొక్కు లోపలి పంటిని అందుకొనదు. నీళ్లతో నానబెట్టి కడిగి, ఆరనిచ్చి, కీలులో రెండు చుక్కల నూనె వేసినంతనే ఈ రోగము కుదిరిన బండ్లు కలవు. శుభ్రపఱచిన పిమ్మటను పెడలు నడిమికి రానిచో లోపలి స్ప్రింగు విరిగినదో, సడలినదో అనుకొనవచ్చును. బండి కుడివైపున పడినప్పుడు పెడలు వంగి కాలిమెట్టునకు తగులుట మఱియొక కారణము. పెడలును ఇరుసునకు బిగించు బోల్టు వదులైనచో కాలు కదలినంత ఇరుసు కదలదు; ఒక్క పానాతో పోవు దోషము.

బస్తాలు, పాలక్యానులు కుడివైపున వ్రేలాడదీసి, మడమ కదలుటకు చోటులేక సగము నొక్కు నొక్కువారు ఎందఱో! అట్టివారు బండిని నిందించుట న్యాయముకాదు. బుల్లెట్టునందు పెడలు వెనుక న్యూట్రలు పెడలు వేరుగా నొకటి యుండును. రెండవ గేరునుండి గాని, అంతకు పైగేర్లనుండి గాని ఒక్క నొక్కునకే న్యూట్రలునకు తెచ్చుటకై పెట్టిన సౌకర్యమది. బురద అంటిన పెద్దచెప్పు మడమ గేరు మార్చునపుడే దీనికి తగిలినచో, మూడవ గేరు పడవలసినచోట న్యూట్రలు పడును. ఈ సంగతి తెలియక పెట్టె విప్పించువారిని చూచిన జాలి కలుగును.

ఇక క్లచ్చి. గరగర శబ్దముతో గేరు పడుచున్నను, ఇంజను తిరుగుచుండగా న్యూట్రలు దొరకకున్నను, క్లచ్చి పూర్తిగా విడిపోవుటలేదని తలపవలెను. చేతి లీవరునొద్ద వైరు వదులు 2 లేక 3 మిల్లీమీటర్లుండుట చాలును. అనగా రెండు రూపాయి బిళ్లల మందము. అంతకు మించినచో లీవరు పూర్తిగా పట్టినను పలకలు విడిపోవు. వదులు బొత్తిగా లేకున్నచో క్లచ్చి జారి పలకలు కాలును. వేసవి దుమ్ముతో వైరు గొట్టములో ఎండి గరుకుగా నాడుచున్నచో నూనె దిగనిచ్చి చూచి, పోగులు తెగుచున్నచో మార్చవలెను. దూరము పోవు రైతులు క్రొత్త వైరు నొకదానిని పాతదాని ప్రక్కనే ముందుగా కట్టియుంచుకొనుట మంచి పద్ధతి. రాత్రి యంతయు నిలిచిన బండిలో పలకలు నూనెతో అంటుకొని, ప్రొద్దుట మొదటి గేరు ధనామని పడును. స్టార్టు చేయుటకు ముందు క్లచ్చి పట్టుకొని నాలుగైదు కిక్కులు కొట్టినచో బుల్లెట్టులో అవి విడిపోవును. ఇంతవఱకు సరిచేసినను గరగర మానకున్నచో పలకలు గండ్లు పడినవేమో, క్లచ్చి స్ప్రింగులు సమముగా బిగించియున్నవో లేదో మెకానిక్కు చూడవలెను.

స్టాండుపై పైకిపోవు గేర్లు పడి క్రిందికి వచ్చునవి పడకున్నను, లేక అందుకు విపర్యయముగా నున్నను, పెడలు నడక ఒకవైపు తక్కువైనదని గ్రహింపవలెను. గేరుపెట్టె బయటి మూత తీసినచో రెండు బోల్టులతో బిగించిన యొక చిన్న పలక కనబడును. దాని బోల్టు రంధ్రములు పొడుగుగా నుండుటచే పలకను కొంచెము ఇటునటు జరుపవచ్చును. విప్పుటకు ముందే పలక అంచున సూదితో గీత గీయుడు. లేనిచో మొదటి స్థానము మరల దొరకదు. ఒక్కొక్కసారి ఒక్క నూలుపోగంత మాత్రమే జరిపి, బిగించి, నాలుగు గేర్లను స్టాండుపై చూచి, తృప్తికరము కానిచో మరల జరుపవలెను. ఇది బలముతో గాక ఓపికతో చేయవలసిన పని. పెట్టె విప్పకయే గేరు తప్పుట మానిపించు నేర్పు చాలవఱకు ఈ పలకలోనే యున్నది.

పెట్టెలో వేయు కందెన గూర్చి ఒక హెచ్చరిక. ఈ పాత పెట్టెలు నూనె కార్చుట వాటి స్వభావము. అందుచే గ్రీజు నింపుట వాడుకయైనది. పలుచని గేరుగ్రీజైనచో బాధలేదు. కాని ఇరుసులకు పూయు గట్టికందెన నింపినచో చక్రములు దానిలో కాలువ త్రవ్వుకొని, పొడిగానే తిరుగును. ప్రక్కకు తోయబడిన కందెన మరల రాదు. బండితోవచ్చిన పుస్తకములో చెప్పినదే వేయుట మేలు. పాతనూనె దింపునపుడు దానిని తెల్లగుడ్డపై పోసి చూడుడు. బూడిదవంటి సన్నని పొడి వయసుచేత వచ్చునది. సూదులవలె, పెచ్చులవలె ఇనుము కనబడినచో బండిని ఆనాటినుండియే నిలుపవలెను.

పడిన గేరు తనంతట ఊడివచ్చుట మాత్రము పెద్దరోగము. అన్ని గేర్లును ఊడుచున్నచో పైన చెప్పిన పలకను, గేరు నిలిపియుంచు స్ప్రింగు ముల్లును అనుమానింపవచ్చును. ఒక్క గేరు మాత్రమే, అదియు బరువు లాగునపుడు ఊడుచున్నచో ఆ గేరు మొద్దుపళ్ల అంచులు గుండ్రముగా నరిగినవనియో, ఫోర్కు వంగినదనియో తెలియును. అప్పుడు పెట్టె విప్పక తప్పదు. పత్తి తీత ముగిసినపిమ్మట చూతములే యని పెడలును కాలితో అదిమిపట్టి నడుపువారున్నారు. ఊడిన ప్రతిసారి పళ్లు మఱింత గుండ్రమగును, అదిమిన ప్రతిక్షణము ఫోర్కు అరుగును; ఒక చక్రముతో పోవలసిన ఖర్చు నాలుగింటికి వచ్చును. పంటకాలములో చేతిలో రొక్కము లేనిమాట నిజమే. అట్టియెడ ఆ గేరును వాడక, దాని క్రింది గేరుతో మెల్లగా ఊరు చేరుట యొక్కటే దారి. బరువు మాత్రము కట్టరాదు.

నడుపు పద్ధతి గూర్చి రెండు మాటలు చాలును. ఈ పెట్టె తొందర సహింపదు. ఎక్సిలేటరు పూర్తిగా తగ్గించి, క్లచ్చి పూర్తిగా పట్టి, పెడలును తన్నక నిండునొక్కు నొక్కి, క్లచ్చి విడుచువఱకు కాలు తీయకుండవలెను. యెజ్డీ, జావా బండ్లకు పెడలు నొక్కుటతోనే క్లచ్చి విడిపోవు ఏర్పాటుండును గావున వాటికి ఈ లెక్క కొంత వేరు. మైసూరులోని కర్మాగారము 1996లో మూతపడినను ఆ బండ్లెఱిగిన పనివారు ఇంకను దొరకుదురు.

మెకానిక్కు కడకు పోయినపుడు అతనికి చెప్పవలసినవి ఇవి: తప్పుచున్నది ఏ గేరునుండి ఏ గేరునకు, పైకా క్రిందికా, చల్లబడినపుడా వేడెక్కిన పిమ్మటనా, ఖాళీగానా బరువుతోనా, స్టాండుపై చేసిన పరీక్షలో ఏమి కనబడినది. ఒక చీటిపై వ్రాసికొనిపోయినను తప్పులేదు. పెట్టె విప్పుట నిశ్చయమైనచో మార్చిన పాతసామానులను తిరిగి యిమ్మని ముందే చెప్పి, మొద్దుపళ్ల అంచును గోటితో తడవి చూడుడు. అంచు కోసుగా గోటికి తగిలినచో ఆ చక్రము మార్చవలసినది కాదు.